నగరమునకు చార్టరు - ప్రతినిధికి జీతము

పురపాలక సంఘములలో సభ్యులైనవారికి జీత మీయవలయునా? ఈయవలసినచో నెంత? ఆ మొత్తమును నిర్ణయింపవలసినవా రెవరు? ఇంటిపన్ను నోటీసులు వచ్చు దినములలో ఈ ప్రశ్నలు మన పట్టణములలో అరుగులమీద వినవచ్చుచుండును. పన్ను చెల్లించిన వారమునకే అవి మరుగున పడిపోవును. ప్రజాసేవకు జీత మేమిటి, ధర్మముగా చేయవలసిన పని గదా యని కొందఱందురు. వీరికి ఎంత యిచ్చినను చేతివాటము మానరు గావున ఈయకపోవుటయే మేలని మఱికొందఱందురు. ఈ రెండు వాదములును మాకు సమ్మతములు కావు. అయినను వేతనమనునది యదుపులేనిచో ఊరి నెట్లు ముంచగలదో చూపుటకు మొదట ఒక విదేశీయ వృత్తాంతమును పాఠకుల ముందుంచి, పిమ్మట మా యభిప్రాయమును చెప్పెదము.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ప్రతి రాష్ట్రమునకు ఒక రాజ్యాంగ మున్నట్లే పెక్కు నగరములకు గూడ తమ తమ రాజ్యాంగపత్రము లున్నవి. వీనిని వారు చార్టరు లందురు. నగరసభలో నెందఱు సభ్యులుండవలయును, మేయరునకు గల యధికారము లెవ్వి, ఉద్యోగుల నెవరు నియమింపవలయును, ఏ విషయమున ప్రజల వోటు కావలయును అను సంగతులన్నియు నందు వ్రాయబడి యుండును. సాధారణముగా పౌరులు వోటుచేసి దానిని ఆమోదింతురు. మార్పవలసి వచ్చినను వారి వోటే కావలయును. చార్టరు లేని పట్టణములు రాష్ట్ర శాసనసభ చేసిన సామాన్యపు చట్టమునకు లోబడి నడచును. 1875 వ సంవత్సరపు మిస్సౌరీ రాష్ట్ర రాజ్యాంగము మొట్టమొదట ఈ హక్కు నొసగగా, మఱుసటి యేడు సెయింట్ లూయీ నగరము తన చార్టరును తానే సిద్ధము చేసికొనెను. కాలిఫోర్నియా రాష్ట్రము 1879 లో అదే త్రోవ బట్టెను. ఈ పద్ధతికి అమెరికనులు పెట్టిన పేరు హోంరూలు. 1916 లో అనిబిసెంటమ్మ మన దేశమున లేవదీసిన యుద్యమము వలన ఆ మాట మన పెద్దల కందఱకు సుపరిచితమే గాని, ఒక పట్టణమునకు గూడ హోంరూలు ఉండవచ్చునను భావన మనలో నంతగా వ్యాపింపలేదు.

చార్టరను మాట తెలుగువారికి క్రొత్తది కాదు. తూర్పిండియా కంపెనీవారు 1687 డిసెంబరు 30 వ తేదీని ఒక చార్టరు నొసగగా, 1688 సెప్టెంబరు 29 వ తేదీని చెన్నపట్టణపు కార్పొరేషను నెలకొనెను. మేయరు గాక 12 మంది ఆల్డర్మెనులు నందు నియమింపబడిరి. వారిలో ముగ్గురు హిందూ వర్తకులు. తెలుగు వర్తకుడగు బేరి తిమ్మన్న సోదరుడు చిన్న వెంకటాద్రి ఆ మువ్వురలో నొకడు. ఆల్డర్మెనులకు ఎఱ్ఱని యంగీలు, ఊరేగింపులు, వెండిదండములు మొదలగు వైభవములన్నియు కుదిరినవి. కాని కంపెనీవారి లోపలి యుద్దేశము వేఱు. తాము విధించిన పన్నులకు జనులు మొఱలు పెట్టుచుండగా, తమలోనివారే విధించినచో పెదవి విప్పక చెల్లింతురని లండనులోని దొరలు తలచిరి. పైనుండి దయచేయబడిన చార్టరునకు, క్రింద జనులు వ్రాసికొన్న చార్టరునకు గల భేద మిదియే.

ఇక మేము చెప్పదలచిన వృత్తాంతము. లాస్ ఏంజెలెస్ మహానగరమున కాగ్నేయముగా బెల్ అను చిన్న పట్టణ మొకటి కలదు. దాని విస్తీర్ణము రెండున్నర చదరపు మైళ్ళు. జనసంఖ్య సుమారు 35 వేలు. కాయకష్టము చేసి బ్రదుకువారే అందు హెచ్చు. మెక్సికో మొదలగు దేశములనుండి వచ్చి స్థిరపడిన కుటుంబములు అనేకము. 2005 నవంబరులో ఈ పట్టణమున ఒక ప్రత్యేకపు టెన్నిక జరిగెను. సామాన్యపు చట్టమును విడిచి బెల్ తన సొంత చార్టరు క్రిందకు రావలయునా యనునది ప్రశ్న. వినుట కెంత యింపైన ప్రశ్న! మన పట్టణము, మన శాసనము. వోటు చేసినవారు 400 మందికంటె తక్కువ. చార్టరు నెగ్గెను.

ఆ కాలముననే కాలిఫోర్నియా ప్రభుత్వము సామాన్యపు చట్టమునకు లోబడిన పట్టణములలో సభ్యుల జీతములు హద్దుమీరకుండ కట్టుదిట్టములు చేయుచుండెను. చార్టరు గల పట్టణములకు ఆ హద్దు వర్తింపదు. బెల్ సభ్యులలో నలువురు క్రమక్రమముగా నొక్కొక్కరు ఏటికి ఇంచుమించు లక్ష డాలర్లు తీసికొనసాగిరి. అప్పటి సామాన్యపు చట్టము క్రింద ఆ పాటి పట్టణపు సభ్యునకు నెలకు కొలది వందల డాలర్లకు మించి వచ్చెడిది కాదు. సభ్యత్వమునకని వ్రాసిన జీతము స్వల్పమే. మిగిలినదంతయు చెత్త సంఘము, గృహనిర్మాణ సంఘము మొదలగు నుపసంఘములలో కూర్చున్నందుకు భత్యముగా వ్రాయబడెను. ఆ సంఘములు కొన్ని నిమిషములలో ముగియుచుండెననియు, కొన్ని యేమియు పనిచేయనే లేదనియు పిమ్మట న్యాయస్థానమున ప్రభుత్వ పక్షమువారు వాదించిరి. ఐదవ సభ్యుడు ఏటికి 8 వేల డాలర్లు మాత్రము పుచ్చుకొనుచు, తన ప్రక్క కుర్చీలోనివారి కెంత ముట్టుచున్నదో యెఱుగకుండెను.

సభ్యులది యొక భాగము. 1993 లో 72 వేల డాలర్ల జీతముతో చేరిన నగర నిర్వాహకుడు 2010 నాటికి దాదాపు 8 లక్షల డాలర్లు పొందుచుండెను. సంయుక్త రాష్ట్రముల అధ్యక్షుని జీతము 4 లక్షలు. అనగా, లోకమున కంతకు పెద్దయైన యొక పదవికంటె రెండున్నర చదరపు మైళ్ళ యూరి కార్యనిర్వాహకుని పదవి రెండింతలు విలువగలదయ్యెను! ఆ యూరి పోలీసు అధిపతికి 4 లక్షల 57 వేలు. ఈ ధనమంతయు ఎక్కడనుండి వచ్చెను? అచటి యాస్తిపన్ను రేటు ఆ కౌంటీలో నెల్ల హెచ్చైన రేట్లలో నొకటి. చట్టము నతిక్రమించి పన్ను అధికముగా రాబట్టినట్లు గూడ రాష్ట్రపు లెక్కల యధికారి పిమ్మట కనుగొనెను. పూరియింటికి, చిన్న యంగడికి వేసిన పన్ను తిన్నగా ఈ జీతములలోనికి పోయినది.

అయిదేండ్లు ఈ నాటకము సాగెను. జీతముల తీర్మానములు బహిరంగ సభలలోనే పుట్టినవి. కాని వాని మొత్తము లెవరికి నర్థముగాని రీతిని పద్దులక్రింద దాగియుండెను. ప్రక్కయూరగు మేవుడ్ తన యుద్యోగులను తొలగించి పరిపాలనమును బెల్‌వారి కప్పగింపబోవుచున్నదని విని, ఆ సంగతి వ్రాయబోయిన లాస్ ఏంజెలెస్ టైమ్స్ విలేఖరు లిరువురు ఈ జీతముల జాడ కనుగొనిరి. 2010 జూలైలో ఆ పత్రిక వానిని బయటపెట్టెను. జనులు నగరసభా మందిరమును ముట్టడించినంత పని చేసిరి. ఆ నెలలోనే నిర్వాహకుడు, అతని సహాయకురాలు, పోలీసు అధిపతి రాజీనామాల నిచ్చిరి. సభ్యులు తమ జీతములను నూటికి 90 వంతులు తగ్గించుకొనిరి. సెప్టెంబరులో ఎనమండుగురు నిర్బంధింపబడిరి. 2011 మార్చిలో ప్రజలు వోటుచేసి పాతసభ్యులను పదవులనుండి తొలగించిరి. అదే వత్సరమున ఆ పత్రికకు ప్రజాసేవకై పులిట్జరు బహుమానము లభించెను. 2014 లో నిర్వాహకునకు 12 యేండ్ల శిక్ష పడినది.

ఈ వృత్తాంతమును విన్నవారు రెండు తీర్పులు తొందరపడి చెప్పుదురు. ఒకటి, పట్టణమునకు సొంత శాసన మక్కఱలేదని. రెండు, సభ్యులకు జీతము కూడదని. మొదటిదానికి సమాధానము ఆ 400 వోట్లలోనే కలదు. 35 వేల మంది యున్న యూరిలో తమ రాజ్యాంగమును గూర్చి పలికినవారు 400 మంది గూడ లేరు. ఎన్నికకు ముందు చార్టరును వాక్యము వాక్యముగా పరిశీలించి జనులకు వివరించిన సంఘ మేదియు లేదు. పిమ్మట దానిని తిరిగి చూడుటకు గడువు లేదు. పెండ్లిచీటిపై వ్రాలు చేసినట్లు చేసి యింటికి పోయిరి. దొంగకు తలుపు తెఱచినది చార్టరని యనవచ్చును గాని, కావలివాడు నిద్రపోయెనన్న మాట విడిచి పెట్టరాదు.

రెండవ తీర్పును గూర్చి కొంచెము విపులముగా చెప్పవలసి యున్నది. ఏలయనగా మన పాఠకులలో పెక్కురకు ఈ మాట రుచించును. తాత ముత్తాతలనాడు పెద్దరికము చేసినవారు జీతము లడిగిరా యని వారు ప్రశ్నింతురు. అడుగలేదు, నిజమే. వారి పాలేళ్ళు పొలము దున్నుచుండగా వారు చావడిలో తగవులు తీర్చుచుండిరి. జీతములేని పదవి మునుపే కూడు గలవానికి మాత్రమే దక్కును. అది ఆస్తి యర్హతను చట్టములో వ్రాయకయే విధించుట. ఇంగ్లండులోని చార్టిస్టులు 1838 లో ప్రకటించిన ఆఱు కోర్కెలలో పార్లమెంటు సభ్యులకు జీత మీయవలయుననునది యొకటి. అది నెఱవేఱుటకు 1911 వఱకు పట్టెను. అప్పుడు ఏటికి 400 పౌనులుగా నేర్పఱచిరి. అంతవఱకు కార్మికుల ప్రతినిధి తన సంఘపు చందాలపై బ్రదుకవలసినవాడే.

జీతములేని సభ్యునియందు మఱియొక ప్రమాదము గలదు. అతడు ఎన్నికకు ఖర్చు పెట్టిన ధనమును, పోగొట్టుకొన్న పనిదినములను ఎక్కడ పూడ్చుకొనును? మురుగుకాలువ కంట్రాక్టులోనా, లేయవుటు మంజూరులోనా? అందఱును అట్లు చేయుదురని మేమనము. త్యాగబుద్ధితో ఇల్లు గుల్ల చేసికొన్న పురపాలక సభ్యులను మన పట్టణము లెఱుగును. కాని శాసనములు త్యాగులనే మనసునందుంచుకొని వ్రాయబడరాదు.

మితమైన వేతనమునకును, వేతనములేమికిని గల భేదమును మన జాతీయోద్యమమే యొకప్పుడు స్పష్టముగా చూపియున్నది. 1931 లో కరాచీ కాంగ్రెసు ప్రభుత్వోద్యోగుల జీతము సాధారణముగా నెలకు 500 రూపాయలకు మించరాదని తీర్మానించెను. 1937 లో మంత్రిపదవులు స్వీకరించిన కాంగ్రెసువారు ఆ 500 రూపాయలే జీతముగా పుచ్చుకొనిరి. ఇల్లు, బండి ఖర్చులు వేఱు. చెన్నరాష్ట్రపు మంత్రివర్గమున ప్రకాశము పంతులుగారు, గిరిగారు, స్థానిక పరిపాలనశాఖను వహించిన బెజవాడ గోపాలరెడ్డిగారు నట్టి జీతముతోనే పనిచేసిరి. వారు ఉచితముగా చేసెదమనలేదు. పూర్వపు మంత్రులవలె వేలకొలది కోరనులేదు. మొత్తము ఇంత యని ముందే దేశమునకు తెలియును. పదవికి వచ్చిన తరువాత పుట్టిన మొత్తము కాదది.

సభ్యులు తమ జీతమును తామే నిర్ణయించుకొనుట మేలా యన్న ప్రశ్నకు ఓరిగాన్ రాష్ట్రములోని పోర్ట్‌లండు నగరము ఇటీవల నిచ్చిన సమాధానము గమనింపదగినది. 1913 నుండి ఆ నగరమున నొక విచిత్రమైన పద్ధతి నడచెను. మేయరుతోపాటు నలువురు కమిషనరులు ఊరంతటి వోటుతో నెన్నికై, శాసనములు చేయుటయే గాక నీరు, వీథులు, ఉద్యానములు మొదలగు శాఖలను తలా కొన్ని పంచుకొని స్వయముగా నడపుచుండిరి. 1900 లో తుపాను పాలైన గాల్వెస్టను నగరము ఆపద్ధర్మముగా కల్పించిన పద్ధతి యిది. ఇతర మహానగరములు దీనిని విడిచినను పోర్ట్‌లండు విడువలేదు. మార్పవలయునని తెచ్చిన ప్రతిపాదనలను ప్రజలు పలుమాఱులు త్రోసివేసిరి. 2007 లోను త్రోసివేసిరి. కాని ఆ 2007 లోనే మఱియొక నియమమును వారంగీకరించిరి. పది యేండ్లకు తక్కువగాకుండ ఒకసారి 20 మంది పౌరుల సంఘము నగరసభచే నియమింపబడి చార్టరు నంతయు పరిశీలింపవలయును. ఆ సంఘమున 15 మంది యేకీభవించిన ప్రతిపాదన నగరసభ ఆమోదము లేకయే నేరుగా ప్రజల వోటునకు పోవును. అధికారమునందున్నవారు తమ యధికారమును తగ్గించు సవరణను ముడుచుకొని కూర్చుండుటకు వీలులేదన్నమాట. ఇంత సొగసైన నియమము మేము మఱియొకచోట అంతగా చూడలేదు.

ఆ నియమము ఫలించినది. 2022 జూనులో ఆ సంఘము 17 మంది యనుకూలురుగా, ముగ్గురు ప్రతికూలురుగా ఒక క్రొత్త యేర్పాటును ప్రజల కొప్పగించెను. నవంబరులో నూటికి సుమారు 58 మంది దాని నామోదించిరి. నగరము నాలుగు భాగములయ్యెను. భాగమునకు ముగ్గురు చొప్పున 12 మంది సభ్యులు. వోటరు తన కిష్టులైనవారిని మొదట వీరు, పిదప వీరు అని వరుసగా గుర్తింపవచ్చును. నాలుగవవంతుకు మించిన వోట్లు గూడినవాడు గెలుచును. తూర్పుదిక్కున నున్న బీదపేటలకు పూర్వము ప్రతినిధి దొరకుట అరుదు. ఇప్పుడు వానికి తప్పక స్థానమున్నది. 2024 నవంబరులో ఎన్నికలు జరిగి, 2025 జనవరిలో క్రొత్తసభ కూడినది.

జీతముల సంగతికి వత్తము. ఆ సవరణయందే స్వతంత్రమైన జీతముల సంఘ మొకటి కల్పింపబడెను. ఉద్యోగుల జీతభత్యముల విషయమున ననుభవము గల అయిదుగురు దానియందు సభ్యులు. క్రొత్తసభ కింకను ఎన్నిక జరుగకమునుపే, 2023 లో, మేయరునకు 1,75,463 డాలర్లనియు, సభ్యున కొక్కొక్కరికి 1,33,207 డాలర్లనియు ఆ సంఘము నిర్ణయించెను. ఆ జీతము నెవరు పుచ్చుకొందురో అప్పటికి దేవునకే యెఱుక. నిలువబడినవారు మొత్తము తెలిసి నిలువబడిరి. వోటు చేసినవారు తెలిసి చేసిరి. మొత్తము హెచ్చని యనిపించిన కరదాతలు లేకపోలేదు. నలువురికి బదులు పండ్రెండుగురైనప్పుడు ఖర్చు పెరుగుట సహజము. మాకును ఒక సందేహ మున్నది. ఆ యైదుగురిని నియమించునది నగరప్రభుత్వమే. పైగా కంపెనీల జీతములతో పోల్చి లెక్కవేయుట కలవాటుపడినవారికి, పూటకూలి తిను కరదాత కన్ను ఎంతవఱకుండును? ఒక సాలెవానిని, ఒక బడిపంతులును ఆ సంఘమున కూర్చుండబెట్టిన బాగుండెడిది.

న్యూయార్కు నగరముననో, సలహాసంఘ ముండియు తుది తీర్మానము సభ్యులదే. సంఘమువారు సభ్యునకు 1,38,315 డాలర్లు చాలుననగా, 2016 లో సభ్యులు 1,48,500 గా తీర్మానించుకొనిరి. దానితోపాటు అధ్యక్షతలకని పుచ్చుకొను వేఱు భత్యములను రద్దుచేసి, బయటి సంపాదనమును చాలవఱకు నిషేధించిరి. అది మెచ్చదగినదే. అయినను పదివేలు కలుపుకొన్న చేయి తమదే గదా! అమెరికా కాంగ్రెసు సభ్యులు తమ జీతపు మార్పు నడుమ ఒక యెన్నిక జరిగినపిమ్మటనే పొందవలయునని 1789 లో ప్రతిపాదింపబడిన సవరణ 1992 లో గాని రాజ్యాంగమున చేరలేదు. ఈ విషయమున ప్రతినిధులు చూపు తొందర యంతటిది.

మన సంగతి యేమి? మన పట్టణము దేనికిని తానుగా వ్రాసికొన్న శాసనము లేదు. శాసనసభలు చేసిన చట్టములే వానికి రాజ్యాంగములు. ఊరిని అడుగక ఊరికి పురపాలక సంఘము నంటగట్టినచో నేమగునో చీరాల-పేరాల ప్రజలు 1921 లో చూపిరి. పన్నులు భరింపలేమని వారు మొఱపెట్టుకొనినను ప్రభుత్వము వినకపోగా, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఇండ్లు వాకిండ్లు విడిచి ఊరి వెలుపల రామనగరు నిర్మించుకొని ఇంచుమించు పదునొకండు నెలలు పాకలలో కాపురముండిరి. 1993 జూను 1 వ తేదీనుండి అమలునకు వచ్చిన 74 వ రాజ్యాంగ సవరణ పురపాలక సంఘములకు అయిదేండ్ల కాలమును, ఎన్నికలను స్థిరపఱచినది. పండ్రెండవ షెడ్యూలునందు 18 విషయములను పేర్కొన్నది గాని, వాని నెంతవఱకు ఒప్పగింపవలయుననునది రాష్ట్రముల యిష్టమునకే విడిచినది. మేయరునకు, ఛైర్మనునకు, సభ్యునకు ఇచ్చు గౌరవ వేతనము సైతము రాజధానినుండి వెలువడు నుత్తరువునే యాశ్రయించి యున్నది. పార్లమెంటు సభ్యులును, శాసనసభ్యులును తమ జీతముల చట్టములను తామే చేసికొందురు. వార్డు సభ్యుడో, వారి యనుగ్రహమునకై వేచియుండును! ఈ తారతమ్యము నెవరును తప్పుపట్టకుండుట మాకు వింతగా నున్నది.

మేము కోరునది పెద్ద విప్లవము కాదు. పదియేండ్ల కొకసారి ప్రతి కార్పొరేషనునందును పదవులు లేని పౌరుల సంఘమొకటి తమ పట్టణపు పరిపాలన విధానమును పరిశీలించి, వార్డుల విభజన మొదలు ప్రత్యేకాధికారి పాలనము వఱకు తన యభిప్రాయమును శాసనసభకు తప్పక చర్చింపవలసిన రీతిని పంపవలయును. వేతనమును ఎన్నికకు ముందే అట్టి సంఘము నిర్ణయింపవలయును. అది రాబోవు సభకే వర్తింపవలయును. సమావేశపు భత్యము, ప్రయాణపు ఖర్చు, అధ్యయన యాత్రలు అన్నియు ఆ మొత్తమునందే చేరవలయును. బెల్ సభ్యులు లక్ష డాలర్లు జీతమని తీసికొనలేదు, భత్యములని తీసికొనిరి. మన పురపాలక సభ్యుల యాత్రలు బడ్జెటులో ఏ పద్దుక్రింద నుండునో అడిగినవారికే తెలియును.

అడుగుట కిప్పుడు మార్గము కలదు. 2005 వ సంవత్సరపు సమాచారహక్కు చట్టము క్రింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు చేసికొన్నచో, ముప్పది దినములలో సమాధాన మీయవలసిన బాధ్యత పురపాలక కార్యాలయముది. గౌరవ వేతనముల మొత్తమెంత, ఒక్కొక్క యుపసంఘము ఏడాదిలో ఎన్నిసారులు కూడినది, ప్రతి కూటమునకు ఎంత భత్యము చెల్లింపబడినది అను మూడు ప్రశ్నలు వ్రాసిన చాలును. మా పాఠకులలో ఎవరైన తమ పట్టణమునుండి అట్టి సమాధానములను తెప్పించి మాకు పంపినచో, ఊరి పేరుతో, అంకెలతో, ఉన్నదున్నట్లు ఈ పుటయందే ప్రకటింతుము.